240 జీబీలో ఏ ఆటలు ఉంచాలి: ఒక ఓటముల చిట్టా

జూన్, రెండో వారం

ఇంట్లో డెస్క్‌టాప్‌కి ఉన్నది 240 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఒక్కటే. విండోస్, నాన్న పొలం లెక్కలు, పెళ్లిళ్ల ఫొటోలు పోగా ఆటలకి మిగిలేది అందులో సగం. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నా లైబ్రరీలో మాత్రం సేల్ పెట్టినప్పుడల్లా కొని ముట్టుకోనివి బోలెడు పడి ఉన్నాయి. దసరా సెలవులకి అక్క కొడుకు కాకినాడ వస్తాడు. వాడొచ్చేలోగా ఒక్కో రకంలో ఒక్కోటి ఆడి చూసి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చాలి. ఇదీ ప్రాజెక్టు.

గ్రాఫిక్స్‌కి ఇన్ని, మ్యూజిక్‌కి ఇన్ని అని మార్కులు వెయ్యడం నాకు చేతకాదు. నోట్‌బుక్‌లో ప్రతి ఆటకీ ఒకటే గడి గీశాను: ఎలా ఓడిపోయాను, ఎందుకు ఓడానో నాకు తెలిసిందా? నెట్ సెంటర్లో గంటకి డబ్బులిచ్చి ఆడిన రోజుల నుంచీ నా కొలత ఇదే. ఏ మూల నుంచి ఎవడు కాల్చాడో తెలియకుండా చచ్చిపోతే ఆ గంట డబ్బులు దండగ అనిపించేది. కారణం తెలిస్తే మాత్రం ఇంకో గంటకి జేబులు వెతుక్కునేవాళ్లం.

మెషీన్ సంగతి. రైజెన్ 5 3400జీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న వేగా 11తో నెట్టుకురావాలి. ఈ చిప్‌కి సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌లోనే కొంత వాడుకుంటుంది. ఉన్నదేమో 8 జీబీ స్టిక్ ఒకటి, అంటే సింగిల్ చానెల్, మెమరీకి ఒకటే దారి. అదే స్పీడుది ఇంకోటి కొని, మదర్‌బోర్డు పుస్తకంలో చూపించిన స్లాట్‌లో పెట్టాను. లారీ తోలే ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో ఊరు రాగానే ఈడ్చుకుంటూ నడిచిన బండి ఇప్పుడు సాఫీగా పోతోంది. ఇలాంటి ప్రాసెసర్ ఉన్నవాళ్లు కార్డు కోసం డబ్బులు కూడబెట్టుకునే ముందు ఈ పని చేసి చూడండి.

యూపీఎస్‌కి బ్యాటరీ కూడా మార్పించాను. దాని అవసరం స్టార్‌డ్యూ అనే ఆట దగ్గర చెబుతాను.

జూన్, చివరి వారం

మొదట సెలెస్ట్ (2018). గెంతుళ్ల ఆటలు నాకు పెద్దగా పడవు, అందుకే ముందు పెట్టుకున్నాను. మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కాలి. చెయ్యగలిగినవి మూడే: గెంతడం, గోడ పట్టుకోవడం, గాల్లో ఒక్కసారి ఎటైనా దూసుకుపోవడం. ముళ్లకి తగిలితే ప్రాణం పోతుంది, రెప్పపాటులో అదే తెర మొదట్లో మళ్లీ నిలబడతాం. లోడింగ్ లేదు, "గేమ్ ఓవర్" లేదు. ఈ వేగం వల్లే చావు మీద కోపం రాదు.

దీన్ని తయారుచేసినవాళ్లు ఆటగాడికి తెలియకుండా కొంత జాలి చూపించారు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా కొన్ని ఫ్రేముల (తెర మీద బొమ్మ ఒక్కోసారి మారే క్షణాల) పాటు గెంతనిస్తారు. నేల తాకడానికి ఒక్క క్షణం ముందే బటన్ నొక్కినా గుర్తుపెట్టుకుని, తాకగానే గెంతిస్తారు. అంచు మీద "హమ్మయ్య, బతికాం" అనుకున్న చాలా గెంతుల వెనక ఈ లెక్కే ఉంది.

అయినా ఒక చోట అదే పనిగా పోతున్నాను. కుడి పక్కకి ఏటవాలుగా పైకి దూసుకెళ్లాలి. పై బాణం, కుడి బాణం, ఎక్స్, ఈ మూడూ కలిపి నొక్కాలి. నా చెయ్యి సరిగ్గానే నొక్కుతోంది, మాడెలిన్ మాత్రం కదలదు. బ్రౌజర్లో కీబోర్డు టెస్టర్ తెరిచి చూస్తే మూడో కీ అసలు నమోదే కావడం లేదు. చవక కీబోర్డుల్లో కొన్ని కీల జతలకి ఈ రోగం ఉంటుంది. షిఫ్ట్, కంట్రోల్ లాంటివాటికి మామూలుగా ఈ బాధ ఉండదు. అందుకని దూసుకుపోయే కీని ఎడమ షిఫ్ట్‌కి మార్చాను, పని అయిపోయింది. ఇది ఏ గడిలో రాయాలి? ఓటమికి కారణం తెలిసింది, కాకపోతే అది ఆటలో లేదు.

మేనల్లుడి కోసం అసిస్ట్ మోడ్ కూడా చూశాను. ఆట వేగాన్ని సగం వరకు తగ్గించుకోవచ్చు, చావే లేకుండా కూడా పెట్టుకోవచ్చు. దీన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. పదేళ్ల పిల్లాడు కొండ చివరి దాకా వెళ్లి కథ చూడటంలో మోసమేముందో నాకు అర్థం కాదు. ఉంచాలి.

అదే వారంలో తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్ 2 కూడా వేశాను. ఆటలకున్న చోటులో సగం తినేసింది, పొగ బాంబు పడితే ఫ్రేములు చచ్చిపోతున్నాయి. తీసేశాను.

జూలై, మొదటి సగం

ఇంటూ ది బ్రీచ్ (2018). ఈ లిస్టు మొత్తంలో ఓటమి విషయంలో ఇంత నిజాయితీ ఉన్న ఆట ఇంకోటి లేదు. ఎనిమిది గళ్లు నిలువు, ఎనిమిది గళ్లు అడ్డం. భూమిలోంచి పెద్ద పెద్ద పురుగులు వస్తాయి, నా దగ్గర మూడు యంత్రాలు. నా వంతు రాకముందే ప్రతి పురుగూ ఏ గడిని కొట్టబోతోందో తెర మీద గీసి చూపిస్తుంది. దాచిపెట్టేది దాదాపు ఏమీ ఉండదు. భవనం ఒక్కోసారి దెబ్బ తట్టుకునే చిన్న అవకాశం తప్ప పాచికల వ్యవహారం లేదు.

మామూలు యుద్ధం ఆటల్లో శత్రువుని చంపడమే పని. ఇక్కడ చంపడం కన్నా జరపడం ముఖ్యం. భవనాన్ని కొట్టబోయే పురుగుని ఒక గడి పక్కకి గుద్దితే, అది కొట్టే దెబ్బ దాని తోటి పురుగుకే తగులుతుంది. మా తాతగారు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి ఆడించిన పులీమేకలో మేకలతో పులికి దారి మూసినప్పటి ఆనందం మళ్లీ ఇందులోనే దొరికింది. ఒక్కో ఎత్తుకి పది నిమిషాలు ఆలోచించినా ఆట తొందరపెట్టదు. ఓడితే మాత్రం వంక పెట్టడానికి ఏమీ ఉండదు. అన్నీ ముందే చూపించింది కదా. డిస్క్ మీద తీసుకునేదీ చాలా తక్కువ. ఉంచాలి, ఇంకో మాట లేదు.

బలాట్రో (2024) వేస్తుంటే అమ్మ వెనక నుంచి చూసి, "ఏరా, రమ్మీలో డబ్బులు పోసి ఎంతమంది మునిగారో చూశాం కదా, నీకేం రోగం?" అంది. డబ్బు లేదని, ఇది ఒక్కడినే ఆడుకునేదని చెప్పినా నమ్మలేదు. 2020లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారని ఆవిడకి బాగా గుర్తు. ఆట వరకు చూస్తే పేకలు పోకర్‌వి, పద్ధతి మాత్రం వేరు. జోకర్ కార్డులు కొనుక్కుంటూ పోతే చేతిలో ఉన్న మామూలు జత విలువ కూడా ఎక్కడికో వెళ్లిపోతుంది. రమ్మీ వచ్చినవాళ్లకి సీక్వెన్సు తెలుసు, ఒకే గుర్తు ఉన్న ఐదు ముక్కలు కలిపితే కూడా విలువ అన్నది ఒక్కటి కొత్తగా నేర్చుకుంటే చాలు. ఓటమికి కారణం ఎప్పుడూ ఆఖరి చేతిలో ఉండదు. రెండు రౌండ్ల కింద దుకాణంలో కొన్న పనికిరాని జోకర్‌లో ఉంటుంది. అది తెలియడానికి నాకు టైం పట్టింది. మేనల్లుడి ముందు పేకలు కనపడితే ఇంట్లో యుద్ధం, కాబట్టి నా ఆఫీసు లాప్‌టాప్‌లోకి మార్చాను.

జూలై, రెండో సగం

స్టార్‌డ్యూ వ్యాలీ (2016). ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగున్నరేళ్లు కూర్చుని కోడు, బొమ్మలు, సంగీతం అన్నీ తనే చేసుకున్న ఆట. తాత వదిలేసిన పొలానికి వెళ్లి వ్యవసాయం చెయ్యాలి. ఆటలో ఒక రోజంతా మన గడియారంలో పావుగంట కూడా పట్టదు. చిక్కేమిటంటే రాత్రి మంచమెక్కి పడుకుంటేనే సేవ్ అవుతుంది. మధ్యాహ్నం కరెంటు పోతే ఆ రోజు చేసిన పనంతా పోయినట్టే. యూపీఎస్ బ్యాటరీ అందుకే.

నాన్నకి ఇది తెగ నచ్చింది, ఆడటానికి కాదు, వెక్కిరించడానికి. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కోటి అడుగుతున్నారు.

"పంట ఎక్కడ అమ్ముతావురా?"

"ఇంటి ముందు పెట్టెలో వేస్తే చాలు నాన్నా. పొద్దున్నకి డబ్బులొచ్చేస్తాయి."

"తేమ 17 శాతం దాటిందని ఎవడూ కోత పెట్టడా?"

"పెట్టడు."

"ఎరువు కోసం లైను?"

"లేదు."

"బావుంది ఊరు. బస్సుందేమో కనుక్కో."

రెండో ఏడాది వసంతంలో వరి నారు దొరుకుతుంది. నీటికి దగ్గరగా నాటితే నీళ్లు పోసే పని కూడా లేదు, ఆరు రోజుల్లో కోతకి వచ్చేస్తుంది. మా పొలంలో వేసే స్వర్ణకి నూట యాభై రోజులు. ఆ స్వర్ణ విత్తనం మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది, వెయ్యాలో వద్దో మా ఇంట్లో ఇప్పటికీ ప్రతి సార్వాకీ వాదనే. ఆరు రోజుల వరి చూసి నాన్న, "ఈ వంగడం ఏదో మార్టేరు వాళ్లకి పంపించరా" అని లేచి వెళ్లిపోయారు.

ఇక నా గడి. ఇందులో ఓటమి లేదు. అర్ధరాత్రి దాటి రెండింటి దాకా బయట తిరిగితే స్పృహ తప్పుతుంది, కొంచెం డబ్బు పోతుంది, అంతే. మరి టెన్షన్ ఎక్కడిది? క్యాలెండర్‌ది. రుతువుకి 28 రోజులు, మారిన రోజు పొద్దున్నే పాత రుతువు పంటలు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. ఇరవయ్యో తారీఖు దాటాక ఏది నాటితే కోతకొస్తుందో కాగితం మీద లెక్క వేసుకుంటున్నానని ఒక రాత్రి గమనించాను. ఆఫీసులో చేసేదీ అదే. ఈ ఆట అందరికీ విశ్రాంతి అంటారు. నాకైతే జీతం లేని రెండో ఉద్యోగం అనిపించింది. మేనల్లుడికి నచ్చుతుంది, వాడికి డెడ్‌లైన్లు ఇంకా తెలియవు. ఉంచాలి.

ఆగస్టు

ఫ్యాక్టోరియో. చెక్ దేశపు వూబే సంస్థది, 2020లో పూర్తి రూపంలో వచ్చింది. వీళ్లు సేల్‌లో ధర తగ్గించరు, అది వాళ్ల నియమం. తెలియని గ్రహం మీద పడిపోయినవాడు చేత్తో ఇనుప ఖనిజం తవ్వడంతో మొదలుపెట్టి, యంత్రాలు పెట్టుకుంటూ పోయి చివరికి రాకెట్ ఎగరెయ్యాలి.

ఇక్కడ ఓటమి దెబ్బ తగిలినట్టు రాదు, నీరసంలా వస్తుంది. నా ఫ్యాక్టరీ మూడో రోజుకి నెమ్మదించింది. కరెంటు స్తంభం మీద క్లిక్ చేస్తే గ్రాఫు వస్తుంది. కావలసినదాని కంటే తయారయ్యేది తక్కువ. ఒక బాయిలర్‌కి రెండు స్టీమ్ ఇంజన్లు సరిపోతాయి, బాయిలర్ 1.8 మెగావాట్లయితే ఇంజన్ ఒక్కోటి 900 కిలోవాట్లు. ఈ లెక్క సరిగ్గానే ఉంది. అసలు వల ఇంకో చోట ఉంది. బొగ్గు తవ్వే యంత్రాలూ కరెంటుతోనే నడుస్తాయి. కరెంటు తగ్గితే తవ్వకం తగ్గుతుంది, తవ్వకం తగ్గితే బాయిలర్‌కి బొగ్గు తగ్గుతుంది, బొగ్గు తగ్గితే కరెంటు ఇంకా తగ్గుతుంది. బొగ్గు నిల్వలు అడుగంటాయని పేపర్లో వార్త రాగానే మనకి కోతలు మొదలయ్యేది కూడా దాదాపు ఇలాగే, కాకపోతే అక్కడ మధ్యలో బొగ్గు మోసే గూడ్సు రైళ్లు, బకాయిలు వగైరా ఉంటాయి.

విరుగుడు ఆటలోనే ఉంది. బాయిలర్లోకి బొగ్గు అందించే చేతుల్ని కరెంటువి తీసేసి బొగ్గుతో నడిచేవి పెట్టాను. అవి మోసే బొగ్గులోంచే తమకి కావలసింది తీసుకుంటాయి. బాయిలర్ల వరకు ఒక చిన్న గనిని కూడా బొగ్గు డ్రిల్లులతో విడగొట్టాను. ఇక ఫ్యాక్టరీ మొత్తం చీకటైనా విద్యుత్ కేంద్రం తన పాటికి తను బతుకుతుంది.

తర్వాత సర్క్యూట్ల లైను. రాగి తీగ చేసే యంత్రాలు మూడుంటే సర్క్యూట్ చేసేవి రెండు. ఈ మూడు-రెండు నిష్పత్తి కుదిరేటట్టు వరుసలు పేర్చి, బెల్టు మీద పచ్చ చిప్పులు ఖాళీ లేకుండా సాగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. మా తమ్ముడు లోపలికి వచ్చి, "ఇందులో ఆట ఎక్కడుంది అన్నయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు, చెయ్యి మాత్రం మౌస్ మీద నుంచి లేవలేదు. పదకొండింటికి పడుకుందామనుకుని చూస్తే రెండు అవుతోంది. దీని సంగతి చివర్లో.

రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ (2020) మధ్యలో తెరిపి కోసం ఆడాను. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లది. ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం ఒక అమ్మాయి త్రిశూలం పట్టుకుని వెళ్తుంది, దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ కథ చెబుతారు. కథ ఘట్టాలు తోలుబొమ్మలాట పద్ధతిలో వస్తాయి. నిమ్మలకుంట బొమ్మలు చూసినవాళ్లకి ఆ రంగుల నీడలు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. గోడల మీద బొమ్మలు, రాజస్థాన్ తరహా కోటలు, అన్నీ ఆగి చూడాలనిపించేవే. పోరాటం అంత బాగా కుదరలేదు. తెర బయట నుంచి రాక్షసుడు కొట్టి పడేస్తాడు, ఎవడు కొట్టాడో తెలియదు. నెట్ సెంటర్ కోపం మళ్లీ వచ్చింది. కథ కూడా సగంలో ఆపేసినట్టు అయిపోయింది. అయినా ఉంచుతున్నాను. మనవాళ్ల దేవుళ్లు, మనవాళ్ల గోడలు ఉన్న ఇలాంటి ఆట పిల్లాడు ఒక్కటైనా చూడాలి.

సెప్టెంబరు, మొదటి సగం

రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018). లూకస్ పోప్ చేసింది. 1807లో, కనపడకుండా పోయిన ఓడ ఒకటి మనుషులెవరూ లేకుండా ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకి చేరుతుంది. నేను ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టం లెక్క కట్టడానికి వెళ్లిన మనిషిని. చేతిలో ఒక గడియారం. శవం దగ్గర దాన్ని తెరిస్తే చావు ముందటి మాటలు చీకట్లో వినిపిస్తాయి, ఆ తర్వాత చనిపోయిన క్షణం శిల్పంలా ఆగిపోయి కనిపిస్తుంది. అందులో తిరుగుతూ అరవై మంది ఎవరెవరో, ఎలా పోయారో పుస్తకంలో పూరించాలి. తెరంతా పాత కంప్యూటర్ల మాదిరి రెండే రంగులు.

ఇందులో తప్పు రాస్తే ఆట ఏమీ అనదు. మూడు పేర్లూ, మూడు చావులూ సరిగ్గా కుదిరితే మాత్రం ఆ మూడింటినీ ఒకేసారి అచ్చు అక్షరాల్లోకి మార్చేస్తుంది. రెండు సరైనవి రాసి ఒకటి తప్పినా తెలియదు. నా గడి ఇక్కడ పనికిరాలేదు. ఎందుకు ఓడానో ఆట చెప్పదు, కానీ చెప్పలేదన్న కోపమూ రాదు. ఎందుకంటే ఆధారం అక్కడే, కళ్లెదురుగా ఉంటుంది. మనిషి వేసుకున్న బూట్లు, పడుకునే చోటు, ఎవరి పక్కన నిలబడ్డాడన్నది, మాట యాస. చూసింది చాలలేదని మనకే తెలుస్తుంది.

టీవీలో క్రైమ్ సీరియళ్లు ఒక్కటీ వదలని అమ్మ ఇందులో నాకంటే ముందుంది. ఇంగ్లిష్ పేర్లు పట్టించుకోదు. పుస్తకంలో ఉన్న పెన్సిల్ బొమ్మ చూసి, "వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు, నిలబడిన తీరు చూడు" అంది. రాశాను. కాసేపటికి అచ్చయింది. అప్పటి నుంచీ రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుంటున్నాం. పేకాట గొడవ కూడా చల్లబడింది.

ఓడ సిబ్బంది జాబితాలో ఇండియా నుంచి వచ్చిన నావికుల పేర్లూ ఉన్నాయి. కంపెనీ ఓడల్లో మనవాళ్లు లస్కర్లుగా పనిచేశారు. మాకు దగ్గర్లోనే కోరంగి రేవులో అప్పట్లో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇప్పుడు అటు వెళ్తే మడ అడవుల్లో బోటు షికారు తప్ప ఆ రేవు ఆనవాలు పట్టడం కష్టం. జాబితాలో ఆ పేర్ల దగ్గర నేను కావలసినదాని కంటే ఎక్కువసేపే ఆగాను.

పిల్లాడికి చూపించేది కాదు, చావులు బాగా ఘోరంగా ఉంటాయి. అమ్మ కోసం ఉంచాలి.

సెప్టెంబరు, చివర

రెండు మిగిలాయి. ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్తదేమీ కాదు, 1999 నాటిది. కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్లో కంప్యూటర్లు ఒకదానికొకటి కలిపి రాత్రంతా ఆడినదే. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌కి 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగం కలిసింది, ద్రవిడులు అందులోనే వచ్చారు. అశ్వదళంలో నైట్లు వీళ్లకి లేరు, కాల్బలం, ఓడలే దిక్కు. ఉరుమి కత్తి తిప్పే సైనికుడు వీళ్ల ప్రత్యేకత. ఊట్జ్ స్టీల్ పరిశోధన పూర్తి చేస్తే వీళ్ల కత్తి దెబ్బకి ఎదుటివాడి కవచం లెక్కలోకే రాదు. ఆ ఉక్కు చేసిన ఊళ్లలో నిజామాబాద్ వైపు కోనసముద్రం ఒకటి. దాని కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవాళ్లు.

ఓటమికి కారణం ఆట నడుస్తున్నప్పుడు తెలియదు. గంట యుద్ధం చేసి ఓడాక రికార్డింగ్ వేసి చూస్తే మొదటి పది నిమిషాల్లోనే అంతా అయిపోయిందని అర్థమవుతుంది. టౌన్ సెంటర్ ఖాళీగా కూర్చుంది, పనివాళ్లు పుట్టడం లేదు. టౌన్ సెంటర్‌ని ఎంచుకునే హెచ్ కీ నొక్కడం, వరసగా పనివాళ్లని తయారుచెయ్యడం, ఈ రెండూ చేతికి అలవాటైతే కంప్యూటర్‌తో మధ్యస్థాయి దాకా గెలవొచ్చు. హై రిజల్యూషన్ బొమ్మల ప్యాక్ అక్కర్లేదు, అది లేకుండా వేసుకుంటే చోటు బాగా కలిసొస్తుంది. ఉంచాలి.

డిస్కో ఎలీసియం (2019). మందు కొట్టి తన పేరు కూడా మరిచిపోయిన పోలీసు హత్య కేసు విచారిస్తాడు. యుద్ధాలు లేవు, అంతా మాటలే, కష్టమైన పని అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి, పైగా బరువైన ఇంగ్లిష్. పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. బలం బాగా తక్కువ పెట్టుకుంటే, ఫ్యానుకి వేలాడుతున్న సొంత టై అందుకోబోయి మొదటి గదిలోనే ప్రాణం పోగొట్టుకోవచ్చు. కానీ మిగతా చోట్ల పాచికలు పడకపోతే దారి మూసుకోదు, ఇంకో వైపు తెరుచుకుంటుంది. పాచికలు పడనప్పుడు వచ్చే సంభాషణలే నాకు ఎక్కువ నచ్చాయి, తర్వాత తర్వాత కావాలనే తక్కువ అవకాశం ఉన్నవి ఎంచుకున్నాను. ఇంకా పూర్తి కాలేదు. ఇలా చదవాల్సిన ఆటని దసరా హడావిడిలో ముగించలేను, బయటి డిస్క్‌లోకి మార్చాను.

ఫ్యాక్టోరియో తీసేశాను. చోటు కోసం కాదు, నిద్ర కోసం. సేవ్ ఫైలు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంది.

మిగిలినవి: సెలెస్ట్, ఇంటూ ది బ్రీచ్, స్టార్‌డ్యూ, రాజీ, ఓబ్రా డిన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ఇంకా నాన్న కోసం యూరో ట్రక్. రాత్రిపూట వానలో జర్మనీ హైవే మీద లారీ తోలడం ఆయనకి ఎందుకో బాగా నచ్చింది, రెడ్ లైటు దాటి ఫైన్ పడితే మాత్రం ఒప్పుకోరు.

నిన్న రాత్రి మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, మైన్‌క్రాఫ్ట్ ఉందా?" అన్నాడు. లేదు. అది స్టీమ్‌లో దొరకదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి, వాడి వయసుకి పెద్దవాళ్ల అనుమతి కూడా పెట్టాలి. అక్క ఈమెయిల్ పాస్‌వర్డు బావగారికే గుర్తుంటుంది. ఆదివారం ఆయనకి ఫోన్ చెయ్యాలి.